స్కేలు దొరికింది

ఒరేయ్ స్కేలూ,

ఇకమీదట నీ పేరు ఇదే. ఎందుకో చెబుతా, ముందు తిట్టడం ఆపు. నువ్వు పెట్టిన మూడు మెసేజ్‌లూ చూశాను. "బతికున్నావా?" అన్న మూడోదానికి ఆవేళే జవాబివ్వాలనుకున్నా గానీ, చేతుల నిండా రంగు, గోళ్లలో లక్క, ఆ చేత్తో ఫోను ముట్టుకుంటే మా ఆవిడ ఊరుకోదు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావేమో. చెబితే సగంలోనే నవ్వేసి కథంతా పాడుచేస్తావ్, నీ సంగతి నాకు తెలీదా? అందుకే కూర్చుని రాస్తున్నా. వరసగా చదువు, చివరికి దూకకు.

మామూలు కబుర్లు ఒక్క ముక్కలో అయిపోగొడతా. చిన్నది రెండో క్లాసుకొచ్చింది, ముందు పళ్లు రెండూ ఊడాయి. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. ఆఫీసు గురించి అడక్కు. చందనోత్సవానికి సింహాచలం వెళ్లాం, క్యూలో నాలుగు గంటలు, ఎండ, మజ్జిగ. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. కంచరపాలెం ఇంట్లో ముందు గదిలో, టీవీకి ఎదురుగా ఉండే పట్టెమంచం గుర్తుందా? గుర్తు లేదన్నావంటే నీ అంత దొంగ లేడు. 2005 ఏప్రిల్ 5. పాకిస్తాన్‌తో మ్యాచ్. ఆట జరిగేదేమో మధురవాడలో, మనమేమో "టికెట్లు నా జేబులో ఉన్నట్టే" అన్న టికెట్ల బాబాయిని నమ్ముకుని కంచరపాలెంలో. ఆ జులపాల కుర్రాడెవడో మూడో నంబరులో దిగాడు, 123 బంతుల్లో 148 కొట్టాడు. నాలుగు సిక్సులు. ఏ సిక్సుకో నాకు గుర్తు లేదు గానీ, ఇద్దరం ఒకేసారి ఎగిరి మంచం మీద పడ్డాం, కింద "ఫట్" మంది. ఆ తర్వాత మనం ఏం చేశామో నీకూ నాకూ తప్ప భూమ్మీద ఎవరికీ తెలీదు అనుకున్నాం కదా, ఇన్నాళ్లూ.

తెలిసిపోయిందిరా.

ఉండు, వరసగా చెబుతా. సీతమ్మధారలో ఈ ఫ్లాట్‌కి మారి ఎనిమిది నెలలైనా హాల్లో కూర్చోడానికి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలే. దివాన్ కొందామని షాపుకెళ్తే 42 వేలన్నాడు. ఏ చెక్క అంటే "ఇంజనీర్డ్ వుడ్ సార్" అన్నాడు. వేలితో కొట్టి చూశా, అట్టపెట్టె చప్పుడు. ఇంటికొచ్చి అమ్మతో అంటే, "మెట్ల కింద మీ తాతగారి టేకు మంచం మూలుగుతుంటే 42 వేలేంట్రా" అంది. నిజమే. హుద్‌హుద్ తుపాను నాడు ముందు గది రేకులు లేచిపోయి మంచం రోజంతా వానలో నానింది. నవారు కుళ్లిపోయింది. నాన్న దాన్ని విప్పి, కోళ్లూ పట్టెలూ, అదే, కాళ్లూ చుట్టూ ఉండే చెక్కలూ, గోనెల్లో చుట్టి మెట్ల కింద దాచారు. 2014 నుంచీ అలాగే ఉంది. ట్రాలీ ఆటోలో తెచ్చా, ఎనిమిది వందలు తీసుకున్నాడు.

గోనెలు విప్పితే ఏడుపొచ్చింది. కోళ్లకి ఎవరి పెళ్లికి వేశారో ఏమో, గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు. ఇనుప మేకులు తుప్పుపట్టి వాటి చుట్టూ టేకు నల్లబడిపోయింది. మన సముద్రపు గాలికి ఇనుము ఆగదు కదా, ఈసారి అన్నిచోట్లా ఇత్తడి మరలే వేయించా. నయం, చెదలు పట్టలేదు. ఖర్చెందుకు, ఆదివారాలు నేనే చేసుకుంటానని గొప్పగా మొదలెట్టా. రిమూవర్ పూసి పది నిమిషాలాగితే పెయింటు పాల మీద మీగడలా ముడతలు పడుతుంది, రేకుతో గీకేయడమే. కోళ్లేమో ఏటికొప్పాక బొమ్మల్లా తరిమెన మీద తిప్పుతూ గుండ్రంగా చెక్కినవి, ఆ గుండ్రాల మధ్య సన్న గాట్లలో పెయింటు వదలదు. పాత టూత్ బ్రష్షు, తర్వాత పుల్ల, ఆఖరికి దారాన్ని గాట్లో తిప్పి అటూ ఇటూ లాగా. ఒక్కో కోడుకి ఒక్కో ఆదివారం. మొదట 80 నంబరు గరుకు కాగితం, తర్వాత 120, ఆ పైన 220. ఆ చివరిది రుద్దుతుంటే ఒక వాసన వస్తుంది చూడు, టేకుది, కొంచెం తోలు వాసనలా, తాతయ్య బీరువా తెరిచినట్టు... సరే, నీకిదంతా బోరు.

తలవైపు చెక్కకి మాత్రం పెయింటు లేదు, పాత పాలిష్. అది ఏ పాలిషో తెలుసుకోవాలంటే స్పిరిట్ ముంచిన దూది మూల మీద ఒక నిమిషం పెట్టాలి. జిగురుగా అంటుకుంటే లక్క. అంటుకుంది. అంటే మొత్తం గీకక్కర్లేదు, స్పిరిట్‌తో తడిపి రుద్దితే పాత లక్కే కరిగి మళ్లీ పరుచుకుంటుంది. నాన్న కాఫీ గ్లాసు పెట్టిన తెల్ల వలయాలు ఉండేవి కదా, అవీ చాలావరకు పోయాయి. ఒక్కటి వదిలేశా. పోక కాదు.

మిగతా వాటికి వన్ టౌన్‌లో ఒక పాత కొట్లో లక్క రేకులు కొన్నా. అర లీటరు స్పిరిట్‌లో వంద గ్రాములు, ఒక రాత్రి నానితే తేనెరంగు పాలిష్ తయారు. అమ్మ పాత చీర పీలికలో దూది చుట్టి పూయాలి. పల్చగా, పది పన్నెండు సార్లు. నేను ఉత్సాహం ఆపుకోలేక జల్లు పడుతున్న రోజున పూశా. అరగంటలో కోళ్లన్నీ బూజు పట్టినట్టు తెల్లగా అయిపోయాయి! గాల్లో తేమ ఎక్కువుంటే లక్క ఇలాగే చేస్తుందట, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఎండ కాసిన రోజున ఒట్టి స్పిరిట్ తుడిస్తే మళ్లీ తేరుకున్నాయనుకో. కానీ మన ఊళ్లో తేమ లేని రోజంటే ఏడాదికి ఎన్నుంటాయి చెప్పు?

అసలైన భయం అది కాదు. నాలుగో పట్టె. దాని చివర జానెడు మేర గరుకు కాగితం పెట్టగానే బెల్లం పాకంలా ముదురు రంగు ముద్ద కాగితానికి చుట్టుకుంది. ఏంటో అర్థమైందా? మీ నాన్న ఆఫీసు బూట్ల బ్రౌన్ పాలిష్! నాకు గుండె ఝల్లుమంది. ఫెవికాల్ పోయడం, సైకిల్ ట్యూబుతో బిగించి కట్టడం, పైకి కనిపించకుండా బూట్ పాలిష్ రుద్దడం, మొత్తం కళ్ల ముందు సినిమాలా తిరిగింది. చీలిక మరీ వెడల్పుగా ఉందని దాంట్లో ఏం దూర్చామో కూడా గుర్తొచ్చింది. నీకు వచ్చిందా? రాలేదా? సరే.

నేనేం తక్కువ తిన్నానా, ఆ పట్టె తీసుకెళ్లి బాల్కనీ మూల నుంచోబెట్టి, పుచ్చిపోయింది పారేద్దాం అన్నా. కానీ నవారుకి బదులు పైన పలకలు వేసి, ఆ తలవైపు చెక్కని వీపుకి ఆనేలా నిలబెట్టడం నా వల్ల కాదు కదా, ఒక మేస్త్రీని పిలిచా. ముసలాయన, చెవిలో పెన్సిలు. వస్తూనే ఆ పట్టె ఎత్తి చూసి, "పారేత్తారేటి బాబూ? నాలుగూ ఒక్క దుంగలో కోసినవి. ఇలాటి టేకు ఇప్పుడు ఎంతిచ్చినా దొరకదు" అన్నాడు. చీలిక మీద బొటనవేలితో రాసి, "ఎవడో ముందే కెలికాడు దీన్ని" అన్నాడు. నేను నీళ్లు నమిలా.

ఇక్కడే విధి ఆడిన నాటకం చూడు. సరిగ్గా ఆవేళే మా ఇంట్లో ఎవరున్నారు? బొబ్బిలి అత్త! కంటి శుక్లం ఆపరేషన్‌కి వచ్చి మా దగ్గరే ఉంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, పనంతా తనే చేయిస్తున్నట్టు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని.

ఆవిడ సంగతి నీకు కొత్తగా చెప్పాలా? మనం అతికించిన మూడు వారాలకి వేసవి సెలవులకొచ్చి, ఆ మంచం మీద కూర్చుంది, "ఫట్" మంది. నువ్వూ నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని బయటికి పరిగెత్తాం. ఆ రోజు నుంచి ఆవిడ మా ఇంట్లో "మంచం విరిచిన అత్త". ఏ పెళ్లికెళ్లినా ఎవడో ఒకడు, "అత్తొచ్చింది, ఇనప కుర్చీ వెయ్యండ్రా" అనడం, అందరూ నవ్వడం, ఆవిడా నవ్వేయడం. నేనూ నవ్వాను రా చాలాసార్లు. ఒకటి మాత్రం ఈ మధ్యే గమనించా. ఎక్కడ కూర్చోబోయినా ముందు చేత్తో నొక్కి చూసుకుంటుంది. మా ప్లాస్టిక్ కుర్చీని కూడా.

సరే, మేస్త్రీ చీలికలో ఉలి పెట్టాడు. "పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు, మొత్తం తీసెయ్యాలి" అంటూ వేడినీళ్ల గుడ్డ కప్పి, కాసేపాగి, నెమ్మదిగా విప్పాడు. ఎండిన ఫెవికాల్ తెల్లగా మెత్తబడి ముద్దలు ముద్దలుగా ఊడింది. దాంతోపాటు పసుప్పచ్చగా ఒక చెక్క ముక్క. ఆయన దాన్ని లుంగీకి తుడుచుకుని వెలుగులో పెట్టాడు. "ఇదేటి బాబూ, రాతుంది?" అని పైకి చదివాడు. "ఇది తీసినవాడు గాడిద."

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆయన మొహం చూడాలి. "తీసింది నానే కదా!" అన్నాడు.

నేను నవ్వు ఆపుకోలేక కిచెన్‌లోకి పోదామనుకునేలోపు అత్త చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు." నల్లద్దాలు నుదుటి మీదకి నెట్టి, కొత్త కన్నుకి దగ్గరగా పెట్టుకుని తిప్పి చూసింది. రెండోవైపు, ఇంటిపేరుతో సహా నీ పూర్తి పేరు. తొమ్మిదో తరగతి, బి సెక్షన్. రోల్ నంబరు కూడా ఎందుకు రాశావురా? ఆపరేషన్ అయ్యాక ఆవిడ చదివిన మొదటి అక్షరాలు నీ పేరేరా. డాక్టర్ వింటే సంతోషిస్తాడు.

మన విశాఖపట్నంలో 18వ శతాబ్దంలో ఏనుగు దంతం పొదిగి కుర్చీలూ పెట్టెలూ చేసేవాళ్లు, తెల్లదొరలు మోజుపడి కొనుక్కునేవాళ్లు, అలాంటివి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అదే ఊళ్లో మనం టేకులో స్కేలు పొదిగాం. మనల్ని ఏ మ్యూజియంలో పెడతారో.

అత్త చాలాసేపు ఏమీ అనలేదు. అమ్మేమో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. అత్త చివరికి "ఇరవై ఏళ్లు రా" అంది, నన్ను చూసి కాదు, స్కేలుని చూసి. లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను ఏం అనాలో తెలీక మేస్త్రీకి టీ పెట్టా, పంచదార మర్చిపోయా. పది నిమిషాలకి తిరిగొచ్చి ఆయన్ని అడిగింది, "ఇది ఎప్పటికి గట్టిపడుతుంది?" "రేపు సాయంత్రానికమ్మా." "అయితే దీని మీద మొదట కూర్చునేది నేను. అప్పటిదాకా ఎవరైనా ముట్టుకుంటే చూడండి." ఆ రాత్రి బొబ్బిలి బస్సు టికెట్టు రద్దు చేయించింది.

మర్నాడు కూర్చుంది రా. చేత్తో నొక్కి చూసుకోకుండా, సరిగ్గా మధ్యలో, దభీమని. పకోడీ ప్లేటు తెమ్మంది. ఫోటో తీయించి, పక్కన స్కేలు ఫోటో జత చేసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టించింది. కింద రాత నా చేతే రాయించింది, నేరం ఒప్పుకున్నట్టు, ఇద్దరి పేర్లతో. స్కేలు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో చుక్కల మందు పక్కన భద్రంగా బొబ్బిలి వెళ్లిపోయింది. దసరాకి నిన్ను రమ్మంది. ఎందుకంటే చెప్పలేదు. చెవులు జాగ్రత్త.

ఒక్క విషయం మాత్రం నాకు తెగట్లేదు. నాన్న ఆ పట్టెలు విప్పినప్పుడు, మళ్లీ బిగించేటప్పుడు తేలిగ్గా ఉండాలని ఏ కోడుకి ఏ పట్టో మేకుతో గీతలు గీశారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు గీతలూ సరిగ్గా ఆ చీలిక పక్కనే ఉన్నాయి. స్కేలు అంచు అక్కడ కనిపిస్తూనే ఉంటుంది. ఆయన చూడకుండా ఎలా... చెల్లెల్ని ఏడిపించడానికి ఊరుకున్నారో, లేక మనల్ని... అమ్మని అడిగితే "ఆయనకి తెలీని విషయం ఆ ఇంట్లో ఉందా" అంది, అంతే. ఆ గీతల్ని రుద్దలేదు, వాటి మీదే పాలిష్ వేశా.

లెక్క కావాలా? ఆటోతో, మేస్త్రీ రెండు రోజుల కూలితో, పలకలూ పరుపుతో కలిపి 9,150. మిగిలిన పాత చెక్కతో చిన్నదానికి రెండు స్టూళ్లు కూడా వచ్చాయి. 42 వేలతో పోల్చుకో. నీ వాటా నష్టపరిహారం ఎంతో తర్వాత

ఒరేయ్, చినుకులు మొదలయ్యాయి, స్టూళ్లు బాల్కనీలోనే ఉన్నాయి, ఇందాకే ఆఖరి కోటు వేశా. మళ్లీ తెల్లగా అయిపోతాయి. ఉంటా.