అదనంగా కట్టారా? అసలులో తగ్గిందా చూడండి

సంపాదకులకు నమస్కారం.

పొదుపు పేజీల్లో 'ఖర్చులు తగ్గించుకోండి' అని రాస్తారు గానీ, మిగిల్చిన ఐదొందలు అప్పుఖాతాలో ఏ గడిలో పడుతుందో ఎవరూ రాయరు. అసలు చిక్కంతా అక్కడే.

లక్ష అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, 60 నెలల గడువు అనుకోండి. వాయిదా సుమారు 2,224. మొదటి నెల అందులో వెయ్యి వడ్డీకే పోతుంది. నెలనెలా మరో 500 కలిపి కడితే అప్పు 46 నెలల్లో తీరుతుంది, వడ్డీలో 8 వేల పైచిలుకు మిగులుతుంది. అయితే ఆ 500 అసలుకు జమ కావాలి. ఏమీ చెప్పకుండా కడితే కొన్నిచోట్ల దాన్ని వచ్చే నెల వాయిదాకు ముందస్తుగా పెట్టుకుంటారు, వడ్డీ పైసా తగ్గదు. 'అసలుకు జమ చేయండి, వాయిదా అలాగే ఉంచి గడువు తగ్గించండి' అని రాతపూర్వకంగా అడగాలి. ముందస్తు చెల్లింపు రుసుము ఉందేమో కూడా అప్పుడే కనుక్కోవాలి. మర్నెల స్టేట్‌మెంటులో మిగిలిన అసలు అంకె సరిచూసుకోవాలి.

క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అదే. 20 వేల బాకీపై నెలకు 3 శాతమంటే వడ్డీ 600. 'కనీస చెల్లింపు' వెయ్యి కడితే అసలులో తగ్గేది 400. ఆ కార్డు మళ్లీ గీకితే అదీ ఉండదు.

ఓవర్‌టైమ్, ట్యూషన్ డబ్బు చేతికొచ్చిన రోజే కట్టేయడం మేలు. నెలాఖరుదాకా ఆగితే అది ఇంటిఖర్చులో కలిసిపోతుంది. కాకపోతే ఒక నెల ఖర్చు మాత్రం విడిగా ఉంచుకోవాలి, లేదంటే చిన్న జ్వరానికే మళ్లీ కార్డు తీయాల్సొస్తుంది.

– ఒక పాఠకుడు