సజ్జ సంగటి, రొమ్ము క్యాన్సర్

సంపాదకులు గారికి నమస్కారం.

మా పెద్దమ్మ రొమ్ములో గడ్డ తగిలినా ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. సిగ్గు, భయం. ఆమెతో ఆస్పత్రుల చుట్టూ తిరిగిన రోజుల్లోనే నేను ఆహారంలోని పీచు గురించి చదవడం మొదలుపెట్టాను.

పీచు మనకు అరగదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. ప్రయోగశాలలో పెంచిన రొమ్ము క్యాన్సర్ కణాల ఎదుగుదలను బ్యుటిరేట్ తగ్గించింది. మనుషుల్లో ఇది ఇంకా రుజువు కాలేదు, కాబట్టి దీని పేరుతో అమ్మే మాత్రల జోలికి పోవద్దు. అయితే 20 అధ్యయనాలను కలిపి 2020లో చేసిన విశ్లేషణలో, పీచు ఎక్కువ తినే మహిళలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 8 శాతం తక్కువగా కనిపించింది. తేడా చిన్నదే, కానీ మన వంటింట్లోనే దొరికేది. నెయ్యిలోనూ బ్యుటిరేట్ ఉందిగా అంటారు కొందరు. అది పెద్దపేగు దాకా చేరకముందే అరిగిపోతుంది.

మా ఉదయగిరి మెట్టలో ఒకప్పుడు పీచు బాగా ఉండే సజ్జ సంగటి, ఉలవ గుగ్గిళ్లు, అలసందల కూర ఇంటింటా ఉండేవి. ఇప్పుడు మూడు పూటలా పాలిష్ బియ్యమే. హాస్టళ్లలో వారానికి రెండు రోజులైనా సజ్జలు, రాగులు, పొట్టు పెసలు వండాలని అధికారులను కోరుతున్నాను.

పీచు తింటున్నాం కదా అని పరీక్ష మానకూడదు. 30 ఏళ్లు దాటిన మహిళలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం ఉంది. ఏ రోజు చేస్తారో సచివాలయం బోర్డు మీద రాయించండి. గదికి ఒక తెర, లోపల ఒక నర్సమ్మ ఉంటే మా పెద్దమ్మలాంటి వాళ్లు టెన్షన్ పడకుండా వస్తారు.

– ఒక పాఠకురాలు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా