ఎక్స్‌రేకు అందని మెడ నొప్పి

సంపాదకుడు గారికి,

ధాన్యం సీజన్ వచ్చిందంటే మా ఉత్తరాంధ్రలో మిల్లుల దగ్గర, గోదాముల దగ్గర బస్తాలు మోసే కలాసీలకు ఊపిరి సలపదు. నేను విజయనగరంలో ఫిజియోథెరపిస్టుని. మెడ పట్టేసిందంటూ నా దగ్గరకు వచ్చే కలాసీల్లో చాలామంది చేతిలో అప్పటికే ఎక్స్‌రే ఉంటుంది. ‘ఎముక బాగుంది’ అన్న ఆ ఒక్క ముక్క పట్టుకుని, పని ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నాడని పైవాళ్లు తేల్చేస్తున్నారు. ఇది అన్యాయం. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మనిషే తిరుగుతాడు. అందులో నాటకం ఏముంది?

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ నరాల చివర్లు కనిపించవు. ఎలుకకైనా జిరాఫీకైనా మనకైనా మెడలో పూసలు ఏడే. వాటిని వెనకవైపు కలిపే చిన్న కీళ్ల చుట్టూ పల్చటి పొర ఉంటుంది. ఆ పొర నిండా సన్నటి నరాల చివర్లే. 1967లో ఫ్రీమన్, వైక్ అనే శాస్త్రవేత్తలు పిల్లి మోకాలి కీలును పరిశీలించి, ఇలాంటి చివర్లను నాలుగు రకాలుగా విడదీశారు. మూడు రకాలు కదలికను, లాగుడును కనిపెడతాయి. నాలుగోది నొప్పిని తెలియజేస్తుంది. మనిషి మెడ కీళ్లలోనూ కదలికను కనిపెట్టే చివర్లు ఉన్నాయని 1994లో మెక్లెయిన్ చూపించారు. ఎలుకల మెడ కీలు పొరను హద్దు మీరి లాగి చూస్తే, ఎముక చెక్కుచెదరకపోయినా, నొప్పి లక్షణాలు రోజుల తరబడి ఉండిపోయాయి.

ఇంకో సంగతి. కుందేళ్లకు, పిల్లులకు మెడలో ఆ చోటు మాత్రమే మొద్దుబారే మత్తుమందు ఎక్కిస్తే, మెలకువగా ఉండి కూడా అవి తూలిపోయాయి. తల ఏ వైపు ఉందో మెదడుకు చెప్పేది కళ్లు, చెవులే కాదు, మెడ కూడా. అందుకే ‘బస్తాతో వాలు బల్ల ఎక్కుతుంటే కళ్లు తిరుగుతున్నాయమ్మా’ అని ఒక కలాసీ చెబితే నేను తేలిగ్గా తీసుకోలేను. నెత్తి మీద బస్తాతో ఆ వాలు బల్ల మీద ఒక్కసారి తూలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అదే 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలు మించితే తగ్గించే ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది. మన దగ్గర ధాన్యానికి 80 కిలోల బస్తా ఇంకా లెక్కలో ఉంది. దాన్ని మోసేది మెడే.

శ్రీకాకుళం, విజయనగరం కలెక్టర్లను, కార్మిక శాఖ అధికారులను నేను కోరేది ఇది. చేత్తో ఎత్తే ఏ బస్తా అయినా 50 కిలోలు దాటకూడదు. గోదాముల్లో తోపుడు ట్రాలీలు, గట్టి ర్యాంపులు పెట్టించాలి. మెడ నొప్పితో వచ్చిన కలాసీకి ఎక్స్‌రే ఒక్కటే తీసి పంపేయకుండా, మెడ ఎంతవరకు తిరుగుతోందో, నడకలో తూలు ఉందో లేదో డాక్టర్లు చూసి రాయాలి. ఆ కాగితం మీద కొన్నాళ్లు తేలిక పని, పూర్తి కూలి ఇప్పించాలి. వచ్చే కోతలకు ముందే ఈ ఆదేశాలు ఇవ్వాలి.

— ఒక ఫిజియోథెరపిస్టు, విజయనగరం