సంఘం వార్షిక నివేదిక: కొలోమాలో బంగారం గాలించిన వారాంతం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు, ఆదివారం తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల కాగితం సర్వసభ్య సమావేశంలో అందరికీ ఇస్తాం. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు జూన్‌లో పిల్లాపాపలతో వెళ్లిన కాలిఫోర్నియాలోని కొలోమా క్యాంపింగుకే ఇస్తున్నాను. కార్యదర్శిగా ఆ మాత్రం చనువు తీసుకోవచ్చనుకుంటాను.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. వేసవిలో నది ఒడ్డు క్యాంప్‌గ్రౌండ్లు నెలల ముందే నిండిపోతాయని తెలిసి కూడా కమిటీ ఆలస్యంగా బుక్ చేసింది. దాంతో టెంట్లన్నీ ఒక్కచోట పడలేదు. సగం మంది ఈ చివర, సగం మంది ఆ చివర. చీకట్లో టార్చిలైట్లు పట్టుకుని పులిహోర గిన్నెలు మోసుకు తిరిగాం. గడ్డి ఎండిపోయి ఉండటంతో కట్టెల మంటకు అనుమతి లేదు. తెచ్చిన గ్యాస్ స్టవ్‌లు చాలక మొదటి రాత్రి భోజనాలయ్యేసరికి పదకొండు దాటింది.

శనివారం పొద్దున మార్షల్ పార్కుకు వెళ్లాం. శాక్రమెంటో నుంచి గంట దూరమే అయినా మాలో చాలామందికి ఇదే మొదటిసారి. భూస్వామి జాన్ సటర్ కోసం ఇక్కడ రంపపు మిల్లు కట్టిస్తున్న జేమ్స్ మార్షల్‌కు 1848 జనవరి 24న మిల్లు కాలవలో బంగారు పలుకులు కనిపించాయి. ఆ సంగతి ఇంకా బయటికి పొక్కకముందే, ఫిబ్రవరి 2న, మెక్సికో ఈ నేలను అమెరికాకు రాసిచ్చింది. మరుసటి ఏడాది, 1849లో, విరగబడి వచ్చిన జనం గుర్తుగానే మేం వెళ్లిన రోడ్డుకు 49 నంబరు పెట్టారు. బంగారం మాత్రం సటర్‌కూ మార్షల్‌కూ కలిసిరాలేదు. సటర్ భూముల్ని జనం ఆక్రమించారు. మార్షల్ 1885లో పేదవాడిగానే పోయాడు. కొండ మీద ఆయన విగ్రహం మాత్రం ఇప్పటికీ ఆ చోటు వైపే వేలు చూపిస్తోంది.

నది అవతలి ఒడ్డున సందర్శకులు బంగారం వెతుక్కోవచ్చు. చేతులు, పళ్లెం తప్ప పార, గునపం వాడకూడదు. మన ఇంజనీర్లు యూట్యూబ్ చూసి వచ్చారు. గంటసేపు తిప్పినా పళ్లెంలో ఇసుకే. అప్పుడు ఒక సభ్యుడి అమ్మగారు, గుంటూరు నుంచి ఆర్నెల్ల కోసం వచ్చినావిడ, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్లలోకి దిగారు. “ఇందులో ఏముంది బాబూ, బియ్యం గాలించినట్టే కదా. రాళ్లు అడుగునే ఉంటాయి. మనం బియ్యం దాచుకుని రాళ్లు పారేస్తాం, వీళ్లు అడుగున ఉన్నదాన్నే దాచుకుంటారు” అన్నారు. బంగారం నీటికంటే పందొమ్మిది రెట్లు బరువు, ఇసుక రెండున్నర రెట్లే. ఆవిడ చేతికి ఆ లెక్క అక్కర్లేకపోయింది. పళ్లెం అడుగున నల్ల ఇసుకలో ఆవగింజలో సగం లేని రేకు ఒకటి మెరిసింది. పిల్లలకు దోసిళ్ల కొద్దీ దొరికిందంతా కాకిబంగారం. అది అభ్రకమని గూడూరు నుంచి వచ్చిన సభ్యుడొకరు చూడగానే తేల్చేశారు. వాళ్ల ఊరి గనుల్లో తీసేది అదే మరి.

ఒక జాగ్రత్త. ఎగువన చిలీ బార్ డ్యాం నుంచి నీళ్లు వదిలితే నది మట్టం పెరుగుతుంది. వచ్చే ఏడు లైఫ్ జాకెట్ లేని పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వం. ఇందులో మొహమాటం ఉండదు.

ఆదివారం తిరుగు దారిలో ఇండియన్ గ్రైండింగ్ రాక్ పార్కులో ఆగాం. నేలబారుగా పరుచుకున్న ఒకే బండ మీద 1,185 గుంటలు. చూడగానే ఆడవాళ్లంతా “రోళ్లు!” అన్నారు. నిజంగా రోళ్లే. ఇక్కడి ఆదివాసులైన మివోక్ తెగ ఆడవాళ్లు ఓక్ గింజల్ని అక్కడ దంచి, పిండిని నీళ్లతో కడిగి చేదు పోగొట్టి వండేవారు. బంగారం కోసం వచ్చినవాళ్లు ఆ తెగల్ని తరిమారు, చంపారు, తెచ్చిన రోగాలు ఇంకొందరిని మింగాయి. కొలోమా అన్న పేరు కూడా అక్కడి నిసెనాన్ అనే ఆదివాసి తెగ ఊరు కుల్లుమా నుంచి వచ్చిందే. పిల్లలకు ఈ సంగతి శనివారమే చెప్పి ఉండాల్సింది. మాకు తట్టలేదు.

వచ్చే ఏడాది క్యాంపింగుకు బుకింగ్ జనవరిలోనే మొదలుపెడతాం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే తప్పకుండా వెంట తీసుకురండి. మూతలేని స్టీలు గిన్నె ఒకటి, పిల్లల చెప్పులు రెండు జతలు మా గరాజ్‌లో ఉన్నాయి. ఎవరివో వచ్చి తీసుకెళ్లగలరు.

కార్యదర్శి