ఆ తుప్పలు కొట్టకండి బాబూ

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మా కాలనీ వెనక కొండ మీద మళ్ళీ తుప్పలు కొట్టేశారండి. వానలు మొదలయ్యాయంటే ఇది మామూలే, ఓ జేసీబీ వస్తుంది, ఉన్నదంతా నున్నగా గీకేస్తుంది, తర్వాత గుంతలు, గుంతకో మొక్క, ఓ ఫ్లెక్సీ, నాలుగు ఫోటోలు. ఎండాకాలానికి మొక్కలుండవు, గుంతలుంటాయి, మళ్ళీ ఏడాది అవే గుంతలు. ఎవరు చేయిస్తున్నారో రాయను గానీ మంచి ఉద్దేశంతోనే చేయిస్తున్నారు, అందుకే గట్టిగా తిట్టలేకపోతున్నా.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు మర్నాడు ఈ కొండని చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఒక్క చెట్టుకీ ఆకు లేదు, నిప్పంటించి ఆర్పినట్టు కొండంతా గోధుమ రంగు. ఇక ఇది కోలుకోదులే అనుకున్నా నేను కూడా. కానీ అవతలి వాలు ఉంది చూశారూ, గెడ్డ (వాగు) దాటి వెళ్ళాలి, రోడ్డు లేదు కాబట్టి జేసీబీ అటు పోలేదు, ఫ్లెక్సీ కట్టినా చూసేవాడు లేడు, అది బతికిపోయింది. మొదట గడ్డి వచ్చింది, విరిగిన మొద్దుల్లోంచి చిగుళ్ళొచ్చాయి, తర్వాత తంగేడు, రేగు, పరికి కంప. ఆ కంప మీద పిగిలిపిట్టలు వాలి ఎక్కడో తిన్న పళ్ళ గింజలు ఇక్కడ రెట్టేస్తాయి, ముళ్ళుంటాయి కాబట్టి లోపలి మొలకల దాకా మేక మూతి అంత తేలిగ్గా పోదు, కింద నీడ, రాలిన ఆకు, కాస్త చెమ్మ, ఇంకేం కావాలి గింజకి. ఇప్పుడక్కడ మోదుగలు, నేరేళ్ళు నా తల దాటి పెరిగాయి. ఎవరూ నాటలేదు, చెంబుడు నీళ్ళు పోయలేదు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి సక్సెషన్ అని, అంటే పాడైన చోట ఒకదాని వెనక ఒకటిగా మొక్కలు తిరిగి రావడం, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది ఇదే, కళ్ళతో చూసింది మాత్రం రిటైరయ్యాకే.

అమెరికాలో సెయింట్ హెలెన్స్ అని ఓ అగ్నిపర్వతం 1980 మే 18న పేలి చుట్టూ అడవిని బూడిద చేసేసింది. రెండేళ్ళకి, 1982లో, అక్కడి ప్రభుత్వం 1,10,000 ఎకరాలు విడిగా పెట్టి దాని మానాన దాన్ని వదిలేయమంది. ఆ బూడిద మైదానంలో ముందొచ్చింది లూపిన్ అనే మొక్క, మన జనుము లాగే వేళ్ళ బుడిపెల్లో నత్రజని పట్టి నేలకిచ్చే జాతి. ఇంకా తమాషా ఏంటంటే గోఫర్ అని మన పందికొక్కు లాంటిది ఒకటి బొరియల్లో దాక్కుని బతికిపోయింది, అది అడుగునున్న పాత మట్టిని తవ్వి బూడిద మీద పోస్తుంటే ఆ మట్టిలో గింజలు మొలిచాయి. మా జేసీబీ కూడా తవ్వుతుంది లెండి.

అన్నీ వదిలేస్తే వాటంతటవే బాగుపడతాయని నేననను. లాంటానా అనే కలుపు తుప్ప కమ్మేసిన చోట దాన్ని వేళ్ళతో పీకాలి, అది పక్కన ఇంకో మొక్కని రానివ్వదు. గ్రావెల్ తవ్వుకుపోయిన చోట మట్టీ లేదు వేరూ లేదు, మిగిలింది రాయి, దాని మీద నాచు పట్టి మట్టి చేరి మొక్క నిలబడాలంటే తరాలు పడుతుంది, కాబట్టి మట్టి పోసి నాటదలుచుకుంటే అక్కడ నాటండి, మొక్కకి పని ఉన్నది అక్కడ. ఏం నాటాలన్నది కూడా చూసుకోవాలి, తుఫాను తర్వాత తొందరలో ఊరంతా ఏడాకులపాయ చెట్లు పెట్టేసి ఇప్పుడు అవి పూసే రోజుల్లో సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే ఆ ఘాటు వాసనకి ముక్కు మూసుకోవాల్సి వస్తోంది.

మా కొండకి మాత్రం కావాల్సింది ఎండాకాలం ఎవరూ నిప్పు పెట్టకుండా ఒక వాచ్‌మన్, పశువులు పోకుండా నాలుగైదేళ్ళు కంచె, అంతే. గుంతలు తవ్వే ముందు సంబంధిత అధికారులు ఒక్కసారి అవతలి వాలు ఎక్కి చూస్తే చాలు, దారి నేనే చూపిస్తా. కాకపోతే పొద్దున్నే ఆరింటికల్లా రావాలి, ఎండెక్కితే నా మోకాళ్ళు ఒప్పుకోవు.

ఇట్లు
ఒక రిటైర్డ్ సైన్స్ మాస్టారు, విశాఖపట్నం