48 వారాలు నాకు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

వైరస్ వల్ల కాలేయానికి వచ్చే దీర్ఘకాలిక హెపటైటిస్-బికి వారానికొక ఇంజెక్షన్ చొప్పున నేను తీసుకున్న పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ (వైరస్‌పై శరీర రక్షణశక్తిని పురికొల్పే మందు) చికిత్స 48 వారాలకు గత నెలలో పూర్తయింది. ఈ కాలమంతా నన్ను నిలబెట్టినవారికి పేరుపేరునా చెప్పుకోలేకపోయినా, ఇలా బహిరంగంగా నమస్కరించాలనుకున్నాను.

మొదటి కృతజ్ఞత మా డాక్టరు గారికి. పన్నెండో వారంలో ఏఎల్‌టీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) ఒక్కసారిగా పెరిగినప్పుడు, కాలేయం పాడైపోతోందని నేను బెంబేలెత్తిపోతే, వైరస్ ఉన్న కణాలపై శరీరమే దాడి మొదలుపెట్టినప్పుడు కూడా అలా పెరగవచ్చని వారు ఓపికగా వివరించారు. అయితే అంతమాత్రాన నిశ్చింతగా ఉండకూడదని, బిలిరుబిన్ (కాలేయం సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే పసుపు పదార్థం) పెరగడం లేదని రూఢి అయ్యేదాకా ప్రతివారం రక్తపరీక్ష చేయించారు. తరువాతి నెలల్లో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) తగ్గింది, ఆపై ఈ-యాంటిజెన్ (వైరస్ జోరుగా పెరుగుతున్నప్పుడు రక్తంలో కనిపించే దాని ప్రోటీన్) పోయి దాని యాంటీబాడీ (దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే ప్రోటీన్) కనిపించింది. రోగం నయమైపోయిందని నేను ఇంట్లో అందరికీ చెప్పేశాను కూడా! మరుసటిసారి వెళ్లినప్పుడు డాక్టరు గారు మందుల చీటీ వెనుక మూడు గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఒక్కో యాంటీబాడీ పేరు రాశారు: కోర్ యాంటీబాడీ వైరస్ సోకిందనడానికి గుర్తు మాత్రమే, ఈ-యాంటీబాడీ వైరస్ జోరు తగ్గిందనడానికి సూచన, సర్ఫేస్ యాంటిజెన్ (వైరస్ పైపొరలోని ప్రోటీన్) పోయాక వచ్చే సర్ఫేస్ యాంటీబాడీయే అసలు గమ్యం. అక్కడికి చేరేవారు ఈ చికిత్సలో నూటికి పదిమంది కూడా ఉండరని దాచకుండా చెప్పారు. ఆ చీటీ ఇప్పటికీ నా ఫైలులో ఉంది.

నర్సమ్మ గారికి నేను మరీ రుణపడి ఉన్నాను. ఫ్రిజ్‌లోంచి తీసిన సిరంజిని కాసేపు బయట ఉంచి, చలువ తగ్గాక పొట్ట మీద చర్మాన్ని మడతపట్టి సూది వేసుకోవడం నేర్పింది వారే. థైరాయిడ్ పరీక్ష ఎందుకని నేను విసుక్కున్నా, మూడు నెలలకోసారి వారు వదలకుండా రాయించారు. చివరకు నేను ఎదురుచూసిన యాంటీబాడీ రాలేదు గానీ, నా థైరాయిడ్ మీదే తిరగబడే యాంటీబాడీలు వచ్చాయి. ఇంటర్‌ఫెరాన్‌తో అలా జరగడం కొత్తేమీ కాదట. తొలి దశలోనే తెలియడం వల్ల రోజుకో మాత్రతో సరిపోయింది.

ఇంజెక్షన్ మరునాటి జ్వరానికి, ఒళ్లునొప్పులకు, కారణం లేని చిరాకుకు ఓర్చుకున్న నా కుటుంబానికి, ఇదే చికిత్సను నాకన్నా ముందు పూర్తిచేసుకుని ప్రతి శుక్రవారం రాత్రి ఫోనులో ధైర్యం చెప్పిన పెద్దాయనకు కూడా నా నమస్కారాలు. సర్ఫేస్ యాంటిజెన్ ఇంకా పాజిటివే, పరిమాణం మాత్రం తగ్గింది. చికిత్స ఆపిన ఆరు నెలలకు చేసే పరీక్షకు తేదీ కూడా నర్సమ్మ గారే రాసి ఇచ్చారు; ఈసారి విసుక్కోకుండా వెళ్తాను.