సెలవుల్లో స్కూలు బస్సుల బ్యాటరీలకు చిన్న సోలార్ ప్యానెల్ చాలు

సంపాదకుడు గారికి,

ఏటా జూన్ రాగానే స్కూలు బస్సుల ఫిట్‌నెస్ మీద వార్తలు వేస్తారు, బ్రేకులు చూశారా, ఎమర్జెన్సీ డోర్ తెరుచుకుంటుందా, ఫస్ట్ ఎయిడ్ బాక్సు ఉందా అని. మంచిదే. బ్యాటరీ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. కావలిలో బ్యాటరీలు, సెల్ఫ్ మోటార్ల పని చేసుకునేవాణ్ని, ఆ వారం మా షాపు ముందు వరసగా దించిన బ్యాటరీలూ, "అన్నా, మాది ముందు చూడు, రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోవాల" అని డ్రైవర్ల టెన్షనూ చూస్తుంటాను. వాటిలో చాలావరకు వాడి వాడి పోయినవి కావు, ఊరికే నిలబెట్టినందుకు పోయినవి.

బస్సు ఆపేశాక బ్యాటరీకి ఖర్చేముంది అనుకుంటారు. జీపీఎస్, కెమెరాల పెట్టె కలిసి 50 మిల్లీయాంపియర్లు తీసుకున్నా రోజుకు 1.2 యాంపియర్ అవర్లు (ఒక యాంపియర్ కరెంటు గంటసేపు లాగితే ఒక యాంపియర్ అవర్), సెలవులు అయ్యేసరికి 100 యాంపియర్ అవర్ల బ్యాటరీలో సగం పైనే హరీ. పైగా మన మే నెల ఎండకు బ్యాటరీ తనంతట తాను దిగిపోవడం కూడా ఎక్కువే. దిగినదాన్ని అలాగే వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పాత బలం రాదు.

వారానికోసారి డ్రైవర్ వచ్చి పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి వెళ్తున్నాడుగా అని మేనేజ్‌మెంట్ వాళ్లు నాతో వాదిస్తారు. ఆ పది నిమిషాల్లో సెల్ఫ్ కొట్టినప్పుడు పోయింది తిరిగొస్తుందేమో గానీ, వారమంతా జీపీఎస్ తాగింది రాదు, ఎందుకంటే ఈ యాసిడ్ బ్యాటరీలు నిండటానికి గంటలు పడుతుంది, చివరి భాగమైతే మరీ నిదానం. డీజిల్ మాత్రం కాలుతుంది.

దీనికి 12 వోల్టుల బ్యాటరీకి 20 వాట్ల సోలార్ ప్యానెల్, ఒక ఛార్జ్ కంట్రోలర్, అంటే ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే చిన్న పెట్టె, చాలు. మంచి ఎండలో ఒక యాంపియర్ దాకా ఇస్తుంది, మన ఎండకు రోజు మొత్తం మీద నాలుగు యాంపియర్ అవర్లు వచ్చినా పైన చెప్పిన ఖర్చుకు మూడింతలు. మామూలు పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ సరిపోతుంది, ఇంత చిన్న పనికి ఖరీదైన ఎంపీపీటీ రకం అంటగట్టేవాళ్ల మాట వినొద్దు. అలాగని కంట్రోలర్ లేకుండా ప్యానెల్ వైర్లు నేరుగా టెర్మినళ్లకు తగిలించేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా ఘోరం. 12 వోల్టుల ప్యానెల్ అని అమ్మేదానికి లోడు లేనప్పుడు 21 వోల్టుల పైనే ఉంటుంది. నిండిన బ్యాటరీకి అది రోజూ ఎక్కుతూ ఉంటే లోపలి నీళ్లు ఆవిరైపోయి ప్లేట్లు బయటపడతాయి. కంట్రోలరైతే నిండగానే 13.6 వోల్టుల దగ్గర పట్టి ఉంచుతుంది. దాన్ని బ్యాటరీకి దగ్గరగా, నీడలో పెట్టండి, చాలావాటిలో వేడిని బట్టి వోల్టేజి తగ్గించే ఏర్పాటు ఉంటుంది, అది బ్యాటరీ వేడి తెలిస్తేనే సరిగా పనిచేస్తుంది.

పెద్ద బస్సులకు రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. వాటికి రెండు ప్యానెళ్లు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కు కలిపి వేసి, 24కి పనిచేసే కంట్రోలర్ పెట్టాలి. ఒక్క బ్యాటరీకే ఛార్జింగ్ ఇస్తే జతలో రెండోది చస్తుంది. టేప్ రికార్డర్ కోసం ఒకే బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగే మహానుభావులకు కూడా ఇదే మాట. బ్యాటరీని బండి వైరింగ్ నుంచి విడదీసే కటాఫ్ స్విచ్ ఉన్న బస్సుల్లో కంట్రోలర్ వైర్లు స్విచ్ తర్వాత కాకుండా నేరుగా టెర్మినళ్లకే, ప్లస్ వైరుకు ఫ్యూజు పెట్టి మరీ ఇవ్వాలి, లేకపోతే స్విచ్ ఆపిన రోజు నుంచి ప్యానెల్ ఉన్నా దండగే.

బస్సును వేపచెట్టు కింద పెడతారు, సంతోషం, ప్యానెల్ మాత్రం నీడలో ఉండకూడదు. ఒక కొమ్మ నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది. దొంగల భయముంటే స్కూలు మేడ మీద పెట్టి వైరు కిందికి దించుకోవచ్చు, దూరం పెరిగితే లావు వైరు వాడండి. ఇంకో సంగతి, చచ్చిన బ్యాటరీని ఈ ప్యానెల్ బతికించదు. సెలవులిచ్చిన రోజే డిస్టిల్డ్ వాటర్ చూసి, మామూలు ఛార్జర్‌తో నిండుగా ఎక్కించి, అప్పుడు తగిలించాలి.

బస్సులకే కాదు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ఒడ్డున కట్టేసే మరబోట్లకూ, కోతలయ్యాక షెడ్డులో పడి ఉండే వరికోత మిషన్లకూ ఇదే పద్ధతి. ఈ ఉత్తరాన్ని జూన్‌లో కాకుండా ఏప్రిల్ మూడో వారంలోపే వేస్తే మేలు. మా షాపుకు గిరాకీ తగ్గుతుందని ఇంట్లో అంటున్నారు, తగ్గనీయండి, బ్యాటరీలు మార్చుకునేవాళ్లు ఎటూ వస్తారు.

తగిలించేటప్పుడు ముందు బ్యాటరీ వైర్లు కంట్రోలర్‌కు, తర్వాతే ప్యానెల్‌వి. తీసేటప్పుడు ముందు ప్యానెల్‌వి తీయాలి.

ఒక బ్యాటరీ మెకానిక్,
కావలి, నెల్లూరు జిల్లా